ఏడో రోజు గుటకలు

తెల్లారేసరికి ఆకాశమంతా ఒకటే మబ్బు. కురిసేదీ కాదు, పోయేదీ కాదు. మసి గిన్నె బోర్లించినట్టు అలాగే ఉండిపోయింది. ఎనిమిది గంటలకు కూడా లైటు వేస్తే గాని ఎదుటి మనిషి మొహం ఆనడం లేదు.

ఆ లైటు కింద కూర్చుని ఆవిడ, "నేనే చంపాను బాబాయ్ గారూ" అంది.

ముప్పై ఏళ్ళుంటాయి. బట్టలు కుట్టే దుకాణంలో పని. భర్త గాజు పరికరాల కార్ఖానాలో గాజు ఊదేవాడు, అందరూ చిన్న మేస్త్రి అనేవాళ్ళు. గొంతు ఆపరేషన్ అయిన ఏడో రోజున, మొన్న సోమవారం, మంచంలోనే పోయాడు. ఈ రోజు బుధవారం. సాయంత్రం ఐదింటికి ఇన్‌స్పెక్టరు జీపు వేసుకుని ఈవిడ కోసం వస్తాడు. మొగుడు పోయిన మనిషి కదా అని రెండు రోజులు ఆగాడు, అంతే. ఈలోపు నేను ఏదో ఒకటి పట్టుకురాకపోతే భర్తను చంపిన భార్యగా లోపలికి పోతుంది. వకీలు నన్ను పంపింది అందుకే. కానీ ఆవిడ వకీలు కంటే ముందే ఇన్‌స్పెక్టరు దగ్గర అంతా ఒప్పేసుకుని కూర్చుంది.

ఇరవై రెండేళ్ళు పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి వకీళ్ళ కోసం ఆరాలు తీసే ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. పశువు చెప్పదు కాబట్టి చూడటం అలవాటైంది. మనిషి చెప్తాడు కాబట్టి ఇంకా ఎక్కువ చూడాల్సి వస్తుంది.

చెప్పనిచ్చాను. భర్తకు గొంతులో చీముగడ్డ లేవడం ఏడాదిలో ఇది రెండోసారట. నోరు వేలెడు కూడా తెరుచుకోలేదు. ఉమ్మి మింగలేక గిన్నెలో వదిలేవాడు. ఆస్పత్రిలో రెండుసార్లు సూదితో చీము లాగితే రెండుసార్లూ మళ్ళీ నిండింది. ఇక లాభం లేదని గడ్డ ఉండగానే టాన్సిల్స్ తీసేశారు. మూడో రోజు ఇంటికి పంపారు. ఐదో రోజుకు కాస్త మాట్లాడాడు. ఆరో రోజు, ఆదివారం, చెవిపోటు అని గోడకు తల ఆనించి ఏడ్చాడు. డాక్టరిచ్చిన మందు అయిపోయింది. ఆవిడ చేతిసంచిలో తన తలనొప్పి మాత్రలున్నాయి, ఆస్ప్రిన్. ఒకటి పొడి చేసి నీళ్ళలో కలిపి ఇచ్చింది. ఆ మాత్ర రక్తాన్ని గడ్డకట్టనివ్వదన్న సంగతి ఆవిడకు సోమవారం సాయంత్రం ఇన్‌స్పెక్టరు నోటి నుంచే తెలిసింది. మర్నాటి శవపరీక్షలో కడుపు నిండా రక్తం ఉంది.

సోమవారం ఎన్నింటికి ఇల్లు వదిలిందో అడిగాను. ఎనిమిదింటికి. అప్పుడు భర్త చారల చొక్కాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒంటిగంటన్నరకు తిరిగొచ్చింది. పడుకుని ఉన్నాడు. తెల్ల చొక్కా, మెడ దాకా గుండీలు. చెమటకు మార్చుకున్నాడేమో అనుకుందట.

"అప్పుడు బతికే ఉన్నాడా?"

"గొంతు కదులుతోంది. నిద్రలో గుటకలు వేస్తున్నారు. ఆకలేమో, లేపడం ఎందుకులే అని తలుపు దగ్గరికి వేసి వచ్చేశాను."

"ఒకటా రెండా?"

"వరసగా" అంది. నాలుగింటికి పాలు పట్టుకెళ్తే చల్లగా ఉన్నాడు.

ఆ మాట చీటీలో రాసుకున్నాను. పశువైనా సరే, ఊరికే అన్ని గుటకలు వెయ్యదు.

ఆవిడ తల్లి వంటింటి గడప దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఎప్పటి నుంచో కూతురి దగ్గరే ఉంటుంది. సోమవారం ఇంట్లోనే ఉందట. వెనక గదిలో నిద్రపోయిందట, చెవుడట, ఏమీ వినపడలేదట. నేను గొంతు పెంచకుండా అడిగినా, నా ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసింది.

అప్పుడే ఈవిడ అన్న, ఆ తల్లి కొడుకు, సరుకు తోలే వ్యాన్లో వచ్చాడు. పెద్ద మేస్త్రి. కార్ఖానా ఇతనిదే. నలభై అయిదు పైన ఉంటాయి, దిట్టమైన మనిషి. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. సోమవారం కార్ఖానాకు సెలవట. పదింటి నుంచి సామాను పంపే ఆఫీసులో ఉన్నాడట. బావ పోయాక తాళమే తియ్యలేదట. చెల్లెలి వంక చూసి, "ఏడవకు చెల్లీ. వకీలు ఉన్నాడుగా. ఒక్క మాత్రకు ఎవరూ ఉరి వెయ్యరు" అన్నాడు.

మంచి మాటే. ఓదార్పే. కానీ నేను అక్కడున్న పావుగంటలో 'నువ్వు చంపలేదు' అని మాత్రం ఒక్కసారీ అనలేదు.

లేచేటప్పుడు ఆవిణ్ణి పక్కకు పిలిచి, చిన్న మేస్త్రి దగ్గర కార్ఖానా తాళంచెవి ఉండేదా అని అడిగాను. మేకుకు తగిలించి ఉంది. తీసి ఇచ్చింది. ఎందుకని అడగలేదు. తనే చంపానని నమ్మిన మనిషికి ఇంక ఏ తాళంచెవితో పని?

*

డాక్టరమ్మ రెండు ఆపరేషన్ల మధ్య పది నిమిషాలు ఇచ్చింది. మోచేతుల దాకా చేతులు కడుక్కుంటూ, నా వైపు తిరగకుండానే, "చీము ఉండగా ఎందుకు కోశారు, అదేగా మీరూ అడగబోయేది? నిన్న ఇన్‌స్పెక్టరు గారూ అదే అడిగారు" అంది.

అది కాదన్నాను. ఆ గొంతులో ఏం జరిగి ఉంటుందో చెప్పమన్నాను.

అప్పుడు తిరిగింది. టాన్సిల్స్ తీసిన చోట గుంట పడుతుందట. దాని మీద తెల్లగా పక్కు కడుతుంది. అయిదో రోజు నుంచి పదో రోజు లోపల ఆ పక్కు ఊడుతుంది. ఊడిన చోట కొందరికి రక్తం కారుతుంది. నూటికి ముగ్గురో నలుగురో. పెద్ద వయసు మగవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ. ఎవరూ ఏ తప్పూ చెయ్యకపోయినా కారుతుంది.

"ఆస్ప్రిన్ మాత్ర?"

"వద్దనే చెప్తాం. వేసుకుంటే ఆగడం కష్టం అవుతుంది. కానీ ఆ ఒక్క మాత్రే చంపిందని ప్రమాణం చెయ్యమంటే నేను చెయ్యను."

"మరేం చంపింది?"

తువ్వాలుతో ఒక్కో వేలే తుడుచుకుంది. "రక్తం రావడం ఎవరి నేరమూ కాదండీ. వచ్చాక ఇక్కడికి తీసుకురాకపోవడం నేరం. తెస్తే ఆపుతాం. చాలామందికి ఆపాను. నడిచి ఇంటికి వెళ్ళారు."

గుటకల సంగతి చెప్పాను. ఆవిడ మొహం మారిపోయింది. కూర్చుంది.

నిద్రలో మనిషి వరసగా గుటకలు వేస్తున్నాడంటే రక్తం లోపలికి కారుతున్నట్టట. బయటికి చుక్క రాకపోవచ్చు. చూసేవాళ్ళు ఆగిందనుకుంటారు. అది చెప్పకుండా తను ఎవరినీ ఇంటికి పంపదట.

"ఆ భార్యకు చెప్పారా?"

"చెప్పే ఉంటాను" అని ఫైలు తెప్పించింది. కాగితం తిప్పి చూసి ఆగిపోయింది. "లేదు. ఆవిడ మందుల దగ్గర వరసలో ఉంది. ఆయన బావమరిది ఉంటే అతనికి చెప్పాను. గుటకల సంగతి రెండుసార్లు చెప్పాను, నాకు గుర్తుంది. అతను వింటున్నట్టు అనిపించలేదు."

"అతనేమైనా అడిగాడా?"

"ఒక్కటే. ఎన్నాళ్ళకు ఊదొచ్చు అని. రెండు వారాల దాకా బెలూన్ కూడా ఊదకూడదన్నాను."

కాగితం కింద సంతకం ఉంది. వానపాము ఇసుకలో పాకినట్టు ఉంది. చదువురాని వాడి సంతకం అలా ఉండదు. వాడు గట్టిగా ఒత్తి, నిలువుగా పెడతాడు. ఇది చెయ్యి చెప్పిన మాట విననివాడి సంతకం. జేబుల్లోని ఆ రెండు చేతులు గుర్తొచ్చాయి.

*

ఆస్పత్రి గేటు నుంచి కార్ఖానాకు నా నడకన పదకొండు నిమిషాలు. కార్ఖానా నుంచి ఆ ఇంటికి వెళ్ళాలన్నా ఇదే దారి. ఆస్పత్రి గేటు ముందు నుంచే పోవాలి.

తాళం తీశాను. పొడుగాటి ఒక్క గది. గోడ పొడవునా గాజు గొట్టాలు లావు వారీగా పేర్చి ఉన్నాయి. పక్కపక్కనే రెండు బల్లలు, ఒక్కోదాని మీద ఒక్కో బర్నరు. ఒక బల్ల పక్కన గోడకు పెద్ద మేస్త్రి ఫొటో ఉంది, ఎవరో శాలువా కప్పుతున్నారు. దాని కింద కుర్చీ. అది ఆయన చోటు.

ఈ పనిలో గాజును మంటలో తిప్పుతూ నోటితో ఊదుతారు. నోట్లో చిన్న పీక, దానికి రబ్బరు గొట్టం, ఆ గొట్టం రెండో కొస గాజుకు. పెద్ద మేస్త్రి బల్ల దగ్గర రబ్బరు గొట్టం వంచి చూశాను. పుటుక్కున విరిగింది. ఎండి బీటలు వారిన రబ్బరు. బర్నరు మూతిలో సాలెపురుగు గూడు కట్టింది. ఆ గూడు నిన్నా మొన్నటిది కాదు.

చిన్న మేస్త్రి బల్ల దగ్గర పీకా గొట్టమూ రెండూ కొత్తవి. పీక మీద ఒక్క పంటి గాటు లేదు. బల్ల కింద నేల మిగతా గదికంటే తెల్లగా ఉంది. ఎవరో కడిగారు. బల్ల కింద మాత్రమే కడిగారు.

గది చివర ఓవెన్. బీరువా అంత ఉంది. చేసిన గాజు వేడి వేడిగా అందులో పెడితే అది మెల్లగా, ఒక పూటంతా తీసుకుని చల్లారుస్తుంది. బయట వదిలేస్తే గాజు తనంతట తనే పగులుతుంది. ఆ సంగతి ఓవెన్ తలుపు మీదే ఎర్ర రంగుతో రాసి ఉంది: వేడి గాజు బల్ల మీద పెట్టినవాడికి ఇక్కడ పని లేదు. తలుపు పక్కన అద్దాల పెట్టెలో గుండ్రటి కాగితం. దాని మీద ఒక సన్నటి పెన్ను. వేడి పెరిగితే పైకి, తగ్గితే కిందికి అదే గీసుకుంటూ పోతుంది. వారానికో కాగితం. రోజులకూ గంటలకూ గీతలున్నాయి.

సెలవన్న సోమవారం ఎనిమిదిన్నరకు పెన్ను పైకి లేవడం మొదలైంది. పదిన్నరకు పైన నిలిచింది. పన్నెండుకు పావుగంట తక్కువలో టక్కున కిందికి ఒక రంపపు పన్నులా దిగి మళ్ళీ లేచింది. తలుపు తీసి మూశారన్నమాట. అక్కణ్ణుంచి నున్నగా కిందికి జారి, రాత్రికి అడుగుకు చేరింది. తరువాత ఎవరూ ముట్టలేదు.

తలుపు తీశాను. ఒక్కటే ఉంది. మోచెయ్యంత పొడుగు, గొట్టంలో గొట్టం, లోపల చుట్టలు తిరిగిన మూడో గొట్టం. అతుకు దగ్గర వెంట్రుకంత మడత కూడా లేదు. లైటుకు ఎత్తి చూశాను. లోపలి గొట్టం గోడకు, అతుక్కి జానెడు దూరంలో, తుప్పు రంగు చుక్కలు. నాలుగైదు. గాజు లోపల. తుడిస్తే పోయేవి కావు.

"పశువుల కాంపౌండరు గాజు కొట్టు కూడా పెట్టాడా?"

ఇన్‌స్పెక్టరు. గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. కార్ఖానాలో ఎవరో దూరారని పెద్ద మేస్త్రి ఫోన్ చేశాడట. నా చేతిలో తాళంచెవి చూపించాను. చనిపోయినవాడి తాళంచెవితో వచ్చినవాణ్ణి దొంగ అనాలో, దయ్యం అనాలో ఆలోచించుకోమన్నాను. అతను నవ్వలేదు. మా ఇద్దరికీ ఇది మూడో కేసు. మొదటి రెండింట్లో ఒకటి అతను గెలిచాడు, ఒకటి నేను. అతను గెలిచినదాంట్లో మనిషికి ఏడేళ్ళు పడ్డాయి. ఆ మనిషి చెయ్యలేదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

చెప్పాల్సింది చెప్పాను. సోమవారం ఇక్కడ పని జరిగింది. చేసింది పెద్ద మేస్త్రి కాదు. ఆయన బర్నరు వెలిగి చాలా ఏళ్ళయింది. ఆయన చేతులు వణుకుతాయి. ఆయన పేరు మీద ఇన్నాళ్ళూ గాజు చేసింది చిన్న మేస్త్రే. ఏడో రోజున, పక్కు ఊడే రోజుల్లో, పిలిపించి ఊదించాడు. ఊదుతుంటే గొంతు తెగినట్టు అయింది. ఈ చుక్కలు ఆ దగ్గువి.

"రక్తమని రుజువు చెయ్యగలవా?"

"ఓవెన్ వేడికి రక్తంలో ఏమీ మిగలదు. తుప్పు మిగులుతుంది."

"అయితే తుప్పే." గడియారం వంక మళ్ళీ చూశాడు. "నేల కడిగాడన్నావు. గొట్టం మార్చాడన్నావు. అంత తెలివైనవాడు ఇదొక్కటి ఇందులో ఎందుకు దాస్తాడు?"

"దాచలేదు. పెట్టాడంతే." ఓవెన్ తలుపు మీది రాత చూపించాను. "ముప్పై ఏళ్ళుగా ఇదే పని. బావ నోట్లో రక్తం, బావ చేతిలో వేడి గాజు. రెండూ కనిపించాయి. ముందు గాజును ఓవెన్లో పెట్టాడు. తరువాత మనిషిని వ్యాన్లో పెట్టాడు. అది బుద్ధి చేసిన పని కాదు. చేతులు చేసిన పని."

అతను ఆ రాతను రెండుసార్లు చదివాడు. తరువాత, "ఆమె ఒప్పుకుంది. నీ గాజు ఒప్పుకుందా?" అన్నాడు.

నేను గాజును మళ్ళీ లైటుకు ఎత్తాను.

"ఇంకొకటి విను. ఆమె వచ్చేసరికి చొక్కా మారి ఉంది. మెడ దాకా గుండీలున్నాయి. నేనే విప్పించాను, చిన్న చిన్న గుండీలు. నీ పెద్ద మేస్త్రి చేతులు వణుకుతాయంటున్నావు. వణికే చేతులు రక్తం కారేవాడికి చొక్కా మార్చి ఏడు గుండీలు పెట్టాయా? ఏదో ఒకటే నమ్మమను, రెండూ వద్దు."

అతనన్నది నిజం. నా లెక్కలో అదొక్కటి కుదరలేదు. అక్కడే నిలబడి ఆలోచించాను. అలా ఆలోచిస్తుండగా నాకు పొద్దున్న గడప దగ్గర బట్టలు మడత పెడుతున్న ఆ తల్లి చేతులు కనిపించాయి. అంచుకు అంచు, మూలకు మూల. ఒక్క ముడత లేదు.

ఇన్‌స్పెక్టరు ఆ గాజును నా చేతిలోంచి తీసుకుని, తన జేబురుమాలు విప్పి, పసిబిడ్డను చుట్టినట్టు చుట్టాడు. నమ్మనివాడు అంత జాగ్రత్తగా చుట్టడు. కానీ వెళ్తూ, "ఐదింటికి వస్తాను. ఒక్క నిమిషం ఆలస్యం కాను" అన్నాడు.

*

నేను మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళేసరికి మూడున్నర. అన్న అక్కడే ఉన్నాడు. గోడవార కుర్చీలో, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చెల్లెలు ఒక సంచిలో రెండు చీరలు సర్దుకుంటోంది. జీపు కోసం. తల్లి వంటింటి గడప దగ్గర, పొద్దున్న ఉన్నచోటే.

నేను కూర్చోలేదు. కిటికీ వైపు తిరిగి, వీధి చూస్తూ, మామూలు గొంతుకంటే తగ్గించి అడిగాను. "పెద్దమ్మా, ఆ చారల చొక్కా ఉతికి ఎక్కడ ఆరేశారు?"

చెవిటి మనిషే జవాబు చెప్పింది.

"ఆరెయ్యలేదు. కాల్చేశాను."

కూతురు చీర పట్టుకునే తిరిగింది.

పెద్ద మేస్త్రి లేవబోయాడు. తల్లి చెయ్యి ఎత్తితే మళ్ళీ కూర్చున్నాడు. అక్కణ్ణుంచి ఎవరు ఎంత చెప్పారో, ఎవరు ఎక్కడ ఆపారో చెప్పడం కష్టం. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడకుండా చెప్పుకున్నారు.

మూడేళ్ళుగా పెద్ద మేస్త్రి చేతులు వణుకుతున్నాయట. బయటికి చెప్పలేదు. పెద్ద పరిశోధనశాల ఒకటి ఆయన చేతి పని చూసే సరుకు తీసుకుంటుంది. మంగళవారం వాళ్ళ మనిషి వచ్చి ఆ గాజు చూసి వెళ్తానన్నాడు. దానికి ఆఖరి అతుకు మిగిలిపోయింది. బావ గొంతు సంగతి తెలిసి కూడా సోమవారం తొమ్మిదింటికి వ్యాను తెచ్చాడు.

"ఒక్క అతుకే అన్నాను" అన్నాడు. "ఒక్క ఊపిరి. బావ వద్దనలేదు."

"ఆయన నిన్ను ఎప్పుడు వద్దన్నారు గనక" అంది చెల్లెలు. గొంతులో ఏడుపు లేదు. ఏమీ లేదు.

ఊదడం అయిపోతుండగా, పీక నోట్లో ఉండగానే దగ్గు వచ్చిందట. గిన్నెడు రక్తం పడిందట. వ్యాన్లో పడుకోబెట్టుకుని వస్తుంటే ఆస్పత్రి గేటు దగ్గర బావ లేచి కూర్చుని చెయ్యి చూపించాడట. ఆగితే డాక్టరమ్మ ఏం అడుగుతుందో తెలుసు. ఊదించావా అని అడుగుతుంది. వ్యాను ఆపలేదు. ఇంటికొచ్చేసరికి రక్తం బయటికి రావడం ఆగిపోయింది.

తల్లి అక్కడ అందుకుంది. "ఆగిపోయిందమ్మా అన్నాడు వీడు. నేనూ నోరు తెరిచి చూశాను, రావడం లేదు. చొక్కా మార్చాను. గుండీలు పెడుతుంటే అల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు. మంచినీళ్ళకనుకుని గ్లాసు నోటికి పెట్టాను. తాగలేదు. ఉత్త గుటకలు వేస్తున్నాడు."

ఆ సోమవారం సాయంత్రం ఇన్‌స్పెక్టరు వచ్చి కూతుర్ని పట్టుకున్నప్పుడు తల్లి నోరు విప్పలేదు. ఎందుకని నేను అడగలేదు. తనే చెప్పింది, కూతురికి. "నువ్వు ఆడదానివి. మొగుడు పోయినదానివి. ఒక్క మాత్రకు ఏం చేస్తారు, ఏడిస్తే వదిలేస్తారు అనుకున్నానమ్మా. వాడు లోపలికి పోతే తిరిగి రాడు. వాడి చేతులకు అక్కడ అన్నం ఎవరు పెడతారు?"

చెల్లెలు తల్లినే చూస్తూ నిలబడింది. రెండు రోజులుగా తనే చంపానని నమ్మి తిండి మానేసిన మనిషి. అదే ఇంట్లో, కాదని చెప్పగలిగిన మనుషులు ఇద్దరు, ఒకరు గడప దగ్గర బట్టలు మడత పెడుతూ, ఒకరు చేతులు దాచుకుని కూర్చున్నారు.

నాకు ఇంకొక్క మాట మిగిలింది. చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. కేసుకు అది లేకపోయినా ఇప్పుడు సరిపోతుంది. కానీ ఆ తల్లి ఇంకా, కొడుకు తప్పు చేశాడు గాని చావు మాత్రం తెలియక జరిగిందనే అనుకుంటోంది. దాని మీదే నిలబడి ఉంది.

"పెద్ద మేస్త్రీ" అన్నాను. "గుటకల సంగతి డాక్టరమ్మ నీకు చెప్పింది. లోపల కారుతుంటేనే వేస్తారని. రెండుసార్లు చెప్పింది. కాగితం మీద నీ సంతకం ఉంది."

తల్లి మెల్లగా కొడుకు వైపు తిరిగింది.

"ఏరా?"

అతను నేల చూశాడు.

"నేను గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చున్నాను కదరా. వాడు గుటకలు వేస్తుంటే నువ్వు పక్కనే నిలబడ్డావు. అప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు" అన్నాడు, తల ఎత్తకుండానే.

తల్లి ఒడిలో ఉన్న బట్ట ఒకటి జారి కింద పడితే తియ్యలేదు.

గుమ్మం దగ్గర అలికిడైంది. ఇన్‌స్పెక్టరు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. టోపీ చేతిలో ఉంది. ఈసారి గడియారం చూసుకోలేదు. నేను చూశాను. నాలుగున్నర. మాటకు నిలబడేవాడు అరగంట ముందే వచ్చాడు.

చెల్లెలు సర్దుకున్న సంచి తీసి పక్కన పెట్టింది. పైట సరిచేసుకుంది.

"సోమవారం నుంచి ఈ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు" అంది. "మీరూ కూర్చోండి. తిన్నాక తీసుకెళ్దురు గాని."

ఎవరిని అని ఇన్‌స్పెక్టరు అడగలేదు. బూట్లు విప్పి లోపలికి వచ్చాడు.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి అన్నం వండింది. మేమంతా అది ఉడికిందాకా అలాగే ఉన్నాం. నేల మీద అయిదు కంచాలు పెట్టింది. నాకూ ఇన్‌స్పెక్టరుకూ వడ్డించింది. తల్లికి వడ్డించింది. అన్న కంచం దగ్గర ఒక్క క్షణం ఆగి, అందరికీ ఎంత పెట్టిందో అంతే అతనికీ పెట్టింది. తరువాత తనూ కూర్చుంది.

పెద్ద మేస్త్రి చేతులు బయటికి తీశాడు. మెతుకు నోటి దాకా వెళ్ళడం లేదు. వచ్చినప్పుడల్లా తల్లే కలిపి ముద్దలు చేసి పెడుతుంది కాబోలు, ఆవిడ చెయ్యి దానంతటదే కొడుకు కంచం వైపు సాగింది. సగం దారిలో ఆగింది. కాసేపు గాల్లోనే ఉంది. తరువాత వెనక్కి తీసుకుని తన కంచంలో పెట్టుకుంది.

అతని కంచం చుట్టూ మెతుకులు రాలుతూనే ఉన్నాయి. అందరం తిన్నాం.